మహాలక్ష్మమ్మ ఇంట్లో విజయ్‌కుమార్ కాపురం

నౌపడ దగ్గర ఉప్పుమడుల్లో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న మహాలక్ష్మమ్మది ఒంటిగది రేకుల ఇల్లు. భర్త పోయాక అందులో ఆమె, కొడుకు దాలయ్య, కోడలు శ్రావణి ఉంటున్నారు. మహాలక్ష్మమ్మ ఐదో తరగతితో చదువాపేసిన మనిషి. అయినా రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచింది. పంచాయతీ తీర్మానం ఏదైనా కూడబలుక్కుని చివరిదాకా చదివాకే సంతకం పెట్టేది. ఆ అలవాటు తక్కిన మెంబర్లకు గిట్టేది కాదు.

కిందటి పంచాయతీ ఎన్నికల ముందు ఓటర్ల జాబితాను సచివాలయం గోడకు అంటించారు. ఆమె దాన్నీ అలాగే చదివింది. తన ఇంటి నంబరు 3-41 కింద ఏడుగురున్నారు. ముగ్గురు తనవాళ్లు. మిగతా నలుగురు టెక్కలిలో ప్లైవుడ్ కొట్టు నడిపే విజయ్‌కుమార్, అతని తల్లి, భార్య శైలజ, కూతురు దీపిక.

విజయ్‌కుమార్ పుట్టింది ఈ ఊళ్లోనే. ఆరేళ్లప్పుడు వెళ్లిపోయాడు. టెక్కలిలో అతనికి లిఫ్టున్న మూడంతస్తుల మేడ ఉంది. ఉప్పుగాలికి కారు తుప్పుపడుతుందని ఊరి ముఖమే చూడని ఆ పెద్దమనిషికి, సర్పంచి పదవికి రిజర్వేషను లేదని తెలిసిన వారంలోనే సొంతూరి మీద ప్రేమ పొంగుకొచ్చింది. పోటీ చేయాలంటే ఊళ్లో ఓటుండాలి. ఓటుండాలంటే ఊళ్లో నివాసముండాలి. నోటికొచ్చిన నంబరొకటి దరఖాస్తులో రాసి, ఆ నివాసమేదో అక్కడితో అయిపోయిందనుకున్నాడు. అది ఎవరి ఇల్లో కనుక్కునే ఓపిక కూడా లేకపోయింది.

మహాలక్ష్మమ్మ అభ్యంతరం రాసిచ్చింది. విచారణకు ముందురోజు అతనే దిగాడు. అద్దెకుంటున్నారని ఒక్క మాట చెబితే చాలని, దాలయ్యను కొట్లో పెట్టుకుంటానని చెప్పాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. మర్నాడు బూత్ స్థాయి అధికారి అనిత జాబితా పట్టుకుని వచ్చింది. విజయ్‌కుమార్ ఇస్త్రీ చొక్కాతో గుమ్మంలో నిలబడి, తాము ఇక్కడే ఉంటున్నామని ఆమెతో చెప్పాడు.

మహాలక్ష్మమ్మ అతని వైపు తిరిగింది. "మా ఇంట్లోనే ఉంటన్నావు గదా బాబూ, ఒక్క మాట సెప్పు. పొద్దుట మొకమెక్కడ కడుక్కున్నావు?"

అతను ఇంట్లోకి తొంగిచూశాడు. కుళాయి వీధి చివర ఉందని అతనికి తెలియదు. పెరట్లో అని చెప్పాడు. ఆ ఇంటికి పెరడు లేదు.

అనిత నవ్వు ఆపుకుని నాలుగు పేర్లూ కొట్టేయాలని రాసుకుంది.

అంతటితో అయిపోతే బాగుండేది. మరో పదిరోజులకు ఆ నాలుగు పేర్లూ అతని పెదనాన్న ఇంటి నంబరు మీద లేచి కూర్చున్నాయి. ఆ ఇంటికి కప్పు పడిపోయి ఎనిమిదేళ్లయింది. వంటగదిలో తుమ్మచెట్టు మొలిచింది. ఈసారి విచారణకు ఎవరూ రాలేదు. మహాలక్ష్మమ్మ మండలాఫీసుకు వెళితే గడువు దాటిపోయిందన్నారు. కోపం పట్టలేక తానూ సర్పంచి పదవికే నామినేషను వేసింది. పరిశీలన రోజున తుమ్మచెట్టు సంగతి చెబితే, జాబితాలో పేరుంటే చాలని, అతను ఎక్కడ పడుకుంటాడో చూడటం తన పని కాదని అక్కడి అధికారి అన్నాడు.

విజయ్‌కుమార్ నూటపన్నెండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఉప్పుమడుల్లో ఆమె పక్కన పనిచేసేవాళ్లే కొందరు అతనికి వేశారు. పెద్దమనిషి ఊరికొస్తే పెద్ద పనులవుతాయని వాళ్ల నమ్మకం. మహాలక్ష్మమ్మ రెండ్రోజులు వాళ్లకు దూరంగా, తలవంచుకుని ఉప్పు లాగింది. పెద్ద పనులు అటుంచి, చిన్న సంతకానికి కూడా జనం టెక్కలి బస్సెక్కాల్సి వచ్చింది.

మరుసటి ఏడు ఊళ్లో అంగన్‌వాడీ ఆయా ఉద్యోగం పడింది. శ్రావణి దరఖాస్తు పెట్టింది. ఆ చిన్న ఉద్యోగానికి స్థానికురాలై ఉండాలి. రేషన్ కార్డు, ఆధారు, ఇంటి పన్ను రసీదు ఇచ్చాక కూడా, ఈమె ఈ ఊళ్లోనే ఉంటోందని సర్పంచి రాసిన కాగితం తెమ్మన్నారు. అత్తాకోడళ్లిద్దరూ ప్లైవుడ్ కొట్టుకు వెళ్లారు. బేరాలు నడుస్తున్నాయి. విజయ్‌కుమార్ కూర్చోమనలేదు. గంటసేపు నిలబెట్టి, అప్పుడు ఏం కావాలని అడిగాడు.

"ఈ పిల్ల మా ఊళ్లో ఉంటాదని నువ్వు రాయాలట," అంది మహాలక్ష్మమ్మ, కొట్లో అందరికీ వినబడేలా. "నీకు మా ఊరు తెలుసో నేదో, నాను సెప్తాను, రాసుకో."

బేరాలకొచ్చినవాళ్లు తలలు తిప్పి చూశారు. అతను కాగితం లాక్కున్నాడు. ఆమె ఒక్కో ముక్కా చెబుతుంటే రాశాడు, ముద్ర వేశాడు. ఆమె దాన్ని అక్కడే నిలబడి చివరిదాకా చదివింది. శ్రావణి పేరులో ఒత్తు పోయిందని దిద్దించింది. ఆ తర్వాతే మెట్లు దిగింది.

శ్రావణికి ఉద్యోగం వచ్చింది. మహాలక్ష్మమ్మ ఇంకా మడుల్లోకే వెళుతోంది. సర్పంచి గారు ఆగస్టు పదిహేనుకు జెండా ఎగరేయడానికి వస్తున్నారు. వానపడితే ఆ పని ఉపసర్పంచి చేస్తున్నాడు.