"పచ్చది తిన్నాను"

మా ఇంట్లో తెలుగే మాట్లాడాలి. గుమ్మం దాటితే అంతా హిందీయే కాబట్టి ఈ నియమం నేనే పెట్టాను. నా కూతురి నోట హిందీ ముక్క దొర్లితే గుడ్లురుముతాను.

ఆ మధ్యాహ్నం దానికి సైన్సు పాఠం కూడా తెలుగులోనే చెప్పాను. "ఆకంటే మొక్కకి వంటిల్లే. వేళ్లు నీళ్లు తెస్తాయి, ఆకు గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ పీలుస్తాది. ఎండ తగిలితే రెండూ కలిపి చక్కెర తయారుచేసుకుంటాది. అదే దాని కూడు." ఊఁ కొట్టి పెరట్లోకి పోయింది. నేను గిన్నెలు తోముకుంటున్నాను.

కాసేపటికి మొహం చిట్లించుకుని, ఉమ్ముకుంటూ వచ్చింది.

"అమ్మా, చక్కెర లేదు. ఛీ, చేదు!"

"ఏటి తిన్నావే?"

"ఆకు."

"ఏ ఆకే?"

తడుముకుంది. నా మొహం చూసి చివరికి "పచ్చది" అంది.

సెక్టర్ 7లో మా క్వార్టర్ పెరటి గోడ పక్కన ఉన్నవి రెండే చెట్లు. ఒకటి వేప, ఒకటి పచ్చగన్నేరు. ఆ గన్నేరు ఆకైనా కాయైనా కడుపులో పడితే గుండె ఆగిపోతుందని మా అమ్మ చెప్పేది. "పచ్చదేనా? మింగీసేవా?" అని భుజాలు పట్టుకుని ఊపేశాను. పిల్ల బిక్కచచ్చిపోయి తలూపింది.

దేవుడా! మా ఆయన ప్లాంటులో డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. పక్క క్వార్టర్ దీదీ స్కూటీ తీసింది. పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని దారంతా దాని ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచాను. "నిద్రపోకే తల్లీ, మాట్లాడే" అని ఒకటే ఏడుపు. ఏం మాట్లాడుతుంది పాపం, నన్ను చూసే హడలిపోయింది.

ఆసుపత్రిలో నేను "పీలీ కనేర్" అని పచ్చగన్నేరు పేరు చెప్పగానే డాక్టరమ్మ పిల్లను మంచమెక్కించి ఛాతీకి వైర్లు పెట్టించింది. కాగితం మీద గీతలు పాకుతుంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏ చెట్టు ఆకు తిన్నావని ఆవిడ పిల్లను హిందీలో అడిగింది.

"నీమ్ కీ. హరీ వాలీ," అంది నా కూతురు, తడుముకోకుండా.

వేపాకు! దానికి వేప అన్న తెలుగు మాట రాదు. నీమ్ అంటే నేను తిడతానని, ఆకుపచ్చగా ఉందని దాని రంగు తెలుగులో చెప్పింది. నేను గన్నేరు పేరు విన్నాను. అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చేశాను. అయినా సాయంత్రం దాకా ఉంచి, గుండె బాగానే ఉందని చూసుకున్నాకే పంపించారు.

ఇంటి గేటు దగ్గర దిగేసరికి నా భయమంతా కోపమైంది. "ఆ గన్నేరు విషమని నీకు రోజూ చెప్తన్నానా లేదా?"

"చెప్తన్నావు." మెల్లిగా అడిగింది. "విషం అంటే ఏటమ్మా?"

"జహర్," అన్నాను.

పిల్ల రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"ముందు దాన్నే తెంపేనమ్మా. చేతికి జిగురు పాలు అంటుకుంటే పారేసేను."