ఒక్క ఊరి చెయ్యి

బీడీలకు తునికాకు తడిపిన వాసన వస్తే ఇప్పటికీ తలెత్తి గుమ్మం వైపు చూస్తాను, రాజవ్వ వచ్చిందేమోనని. ఆమె లేదని నాకు తెలుసు. కళ్లకే ఇంకా తెలియలేదు.

మా ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగినప్పుడు నేను చిన్నపిల్లను. మాక్లూర్ దారిలో ఒక కొత్త వాడలో మమ్మల్ని దింపారు. చేలు లేవు, పని లేదు. పిల్లాజెల్లా లేని మా ఊరి రాజవ్వ ఎక్కడికో పోయి బీడీలు చుట్టడం నేర్చుకొచ్చి, ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి నేర్పింది. ఒక్క చెయ్యి నేర్పిన పని కదా, ఎవరు చుట్టినా మడత ఒకటే, దారం ముడి ఒకటే.

దాని విలువ నా మొగుడు పోయినప్పుడు తెలిసింది. మైలలో పని ముట్టకూడదు. బీడీలు ఇవ్వకపోతే కార్ఖానాలో పేరు కొట్టేస్తారు. ఇంట్లో ఇద్దరు పసివాళ్లు. రాజవ్వ వచ్చి నేను బీడీలు చుట్టే ఖాళీ చాట చంకన పెట్టుకుంది.

"యాడికవ్వా?"

"నువ్వు ఏడువు బిడ్డా, గది నీ పని. బీడీలు మేం సూసుకుంటం."

ఇంటింటా తలా ఇన్ని బీడీలు ఆ చాటలో వేశారు. కార్ఖానాలో బీడీలు చూసే ఆయన తిప్పి తిప్పి చూశాడట. "మొగడు సచ్చినామె గిన్ని ఎట్ల చుట్టిందవ్వా? గిది ఎవరి చెయ్యి?"

"మా ఊరి చెయ్యి సారూ."

"మీ ఊరు నీళ్లల్ల ఉన్నది గదా!"

"ఊరు నీళ్లల్లనే ఉన్నది. చెయ్యి గీడున్నది."

ఆయన నవ్వి తీసుకున్నాడట. నా పేరు నిలిచింది.

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక బోధన్ నుంచి బతకడానికి మా వాడకొచ్చిన లలితకూ అదే గతి పట్టింది. మొగుడు పోయాడు. కానీ బోధన్‌లో నేర్చుకున్న ఆమె బీడీ ముడి వేరు. మావి కలిపితే పట్టుబడతాయి.

"మనూరిది కాదు గదా, మనకెందుకే" అంది మా వదిన.

"మన మీదికి నీళ్లొచ్చినయి, ఆమె గేటుకు తాళం పడ్డది. ముంపుల తేడా ఏందే?" అని రాజవ్వ కసిరింది. లలిత చుట్టిన బీడీ ఒకటి తానే విప్పి, ముసలి వేళ్లతో ఆ ముడి నేర్చుకోసాగింది. "నవ్వకుండ్రి, మీరూ నేర్వుండ్రి" అంది. నేర్చుకుని లలిత చాట నింపాం.

ఆ మరుసటి వానకాలం రాజవ్వ పోయింది. మైల పట్టడానికి ఆమెకు నెత్తురు సంబంధం ఉన్నవాళ్లెవరూ లేరు. అందుకని మా ఊరివాళ్లమంతా పట్టాం. వాడలో బీడీ చుట్టే చెయ్యి లేదు. లలిత కూడా గోడకానుకుని ఊరికే కూర్చుంది.

"నువ్వన్న చుట్టుకోరాదే, నీకు మైల లేదు గదా" అన్నాను.

తలెత్తింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది.

"ఎట్ల లేదక్కా?"

పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. మీ ఊరేదని ఇప్పుడు ఎవరైనా అడిగితే, మునిగిన ఊరి పేరే చెబుతాను. మనసులో మాత్రం లలిత అడిగిన ఆ మాటే వినబడుతుంది.