నాగావళి నీటికుక్కల పైడమ్మ

మా ఊరి పైడమ్మ పరమపదించిందన్న వార్త విజయనగరంలో బస్సెక్కబోతుండగా ఫోనులో విన్నాను. కాలు మెట్టు మీదే నిలిచిపోయింది. నాలుగు రోజుల జ్వరం ఆ వజ్రసంకల్పాన్ని హరించిందంటే నమ్మశక్యం కాలేదు. అంతకంటే నమ్మశక్యం కానిది నిన్నటి సంతాపసభ. బతికుండగా ఆమెకు కుర్చీ వెయ్యని మహానుభావులు ఆమె పటానికి శాలువా కప్పారు. ‘ప్రకృతి ప్రేమికురాలు’ అన్నారు. పైడమ్మ వింటే పక్కకు తిరిగి ఉమ్మేసేది.

నాగావళిలో చేపలు పట్టి, గంప నెత్తిన పెట్టుకుని పొందూరు దాకా తిరిగి అమ్ముకున్న మనిషి ఆమె. నీటికుక్కలు వల చింపిన ప్రతిసారీ వాటిని నోరారా తిట్టేది. అయితే పట్నం వ్యాపారి ఒకడు వాటి తోళ్లకు డబ్బు ఆశ చూపి మా రేవులో ఉచ్చులు వేయించాడు. తల్లి చచ్చిన పిల్లలు ఇసుకతిన్నె మీద కీచుమంటూ తిరగడం చూసి పైడమ్మ ఊరివాళ్లను నిలదీసింది.

“వల సింపినాయి, నిజవే. మీ పిల్లలు కోక సింపితే పీక నొక్కేత్తన్నారేటి? సిరిగిన వల నాకాడికి తెండి. నాను కుడతాను. ఉచ్చులు తీసీండి.”

అన్నట్టే ఏళ్ల తరబడి ఊరందరి వలలూ కుట్టింది. కెమెరాలతో దిగే జంతుప్రేమికులతో, “ఫొటోలు అట్టుకెల్తన్నారు, బాగానే ఉన్నాది. మల్లీసారి వలదారం అట్టుకు రండి” అనేది. ఆ సుకుమారులు మళ్లీ రాలేదు. వాళ్ల ఫొటోలకు మాత్రం బహుమతులొచ్చాయట.

మా రేవులో చేపలు పట్టే సూరన్న ఒక్కడూ ఆమె మాట వినలేదు. ఇల్లు గడవక ఒక తోలు అమ్ముతూ పట్టుబడ్డాడు. అటవీశాఖ అధికారి ఆ తోలు కొన్న పట్నం వ్యాపారికి టీ తాగించి పంపేసి, సూరన్నను నేల మీద కూర్చోబెట్టాడు. కొన్నవాడి మీద కూడా కేసు పెట్టమని పైడమ్మ నాచేత అర్జీ రాయించింది. సమాసభూయిష్టంగా మూడు పేజీలు రాశాను. సంతకం దగ్గరకొచ్చేసరికి నా బడిపంతులు ఉద్యోగం గుర్తొచ్చి కలం మూసేశాను. ఆమె వేలిముద్ర వేసి నా వంక చూసింది.

“ఇంత సదువు సదివినావు మాస్టారూ, నీకు ఏలిముద్రెయ్యడం కూడా రానేదు.”

మర్నాడు ఆ అధికారి ఎదుట నిలబడి, “అమ్మీసినోడు ఇక్కడున్నాడు. కొన్నోడు ఏడి బాబూ?” అని అడిగింది. ఆఫీసు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మూడోనాటికి గాని కేసు కాగితంలో వ్యాపారి పేరు ఎక్కలేదు. బెయిలు మీద వచ్చిన సూరన్న తన ఉచ్చులు తానే పీకి ఆమె ముందు పడేశాడు. ఆమె అతనికి తన పడవలో చోటిచ్చి, పట్టిన చేపల్లో సగం పంచింది. ఆ తరవాత మా రేవులో ఒక్క నీటికుక్కా ఉచ్చులో పడలేదు.

నిన్న సభలో అన్నిటికంటే పెద్ద దండ ఆ వ్యాపారిదే. దాన్ని సవినయంగా అందుకుని పటానికి వేసినవాడు ఆ అధికారే. సూరన్నకు మైకు ఇవ్వలేదు. నాకిచ్చారు. ‘కరుణామూర్తి, ధీరోదాత్త’ అంటూ ప్రసంగించి, సంతాపసభలో చప్పట్లు కొట్టించుకున్న ఘనుణ్ణి నేను.

సభ ముగిశాక సూరన్న దగ్గరకొచ్చాడు.

“ఆ యాపారి మొన్న మల్లీ రేవు కాడికొచ్చినాడు మాస్టారూ. తోళ్లు కావాలన్నాడు. నాను పొమ్మన్నాను. ఆడు నవ్వీసి, ఇంక మీకు ఎవులున్నార్రా అన్నాడు.”

పైడమ్మా, ఆ వ్యాపారి మాటకు మా ఊళ్లో ఉన్న ఒకే ఒక జవాబు నువ్వు. నిన్ను మేము మట్టిలో పెట్టి వచ్చాం.