మగ్గం గుంటలో వేగు

మా ఆయనకు పెద్దనాన్న వరుసయ్యే మామ ఒకాయన ఉండేవాడు. పుట్టింది నేతపని ఇంట్లోనే గాని, మగ్గం మీద కూర్చోవడం నామోషీ అని ఎన్నడో మానేశాడు. బజారులో సోడా దుకాణం నడిపేవాడొకడు ఆయనకు జోడీ. ఇద్దరి తెలివీ కలిపినా ఒక తలకాయకు చాలదు. నిజాం రాజ్యం ఆఖరి రోజుల్లో, సిద్దిపేటలో పక్కింటివాడిని చూసినా గుండె దడదడలాడే కాలంలో, ఈ ఇద్దరూ పోలీసు అమీనుకు కబుర్లు మోసే పని నెత్తినేసుకున్నారు. ఠాణాలో అమీను ఎదురుగా కుర్చీ మీద కూర్చోవాలి, అదీ వాళ్ల ఆశ. ఆ కుర్చీ కోసం సొంత చుట్టాన్ని పట్టిస్తారా అంటే, పట్టిస్తారు.

వాళ్ల కన్ను పడింది నా తమ్ముడి మీద. వాడు నిజాం మీద తిరగబడ్డ సంఘంలో కలిసి మిరుదొడ్డి దిక్కు పల్లెల్లో తిరుగుతున్నాడు. దొరికితే కాల్చేస్తారు. వాడి మొహం చూసి ఏడాది దాటింది. అంగడి రోజు నూలు మూట మోసే కూలివాడిలా జనంలో కలిసి వచ్చి, నా చేతి అన్నం తిని పోతానని కబురంపాడు. మా అత్త నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాట మామ చెవిన పడింది.

మామ మా ఇంట్లో అటక మీద దాక్కోవాలి, సోడావాడు బయట కాపు కాసి పోలీసులను పిలవాలి. ఇదీ వాళ్ల పన్నాగం. పడుగు నూలుకు గంజి పెట్టే పొద్దున మా ఇళ్లలో మనిషి ఉండడు. ఎండ ముదరకముందే వీధి పొడుగునా పడుగు చాచి, ఇంటిల్లిపాదీ కుంచెలు పట్టుకుని దాని వెంట నడవాల్సిందే. అంగడి రోజు పొద్దున ఆ సందు చూసి మామ లోపల దూరాడు. అటక ఎక్కడానికి బొజ్జ అడ్డమొచ్చింది. మగ్గం గుంటలో దిగి పైన గోనెపట్టా కప్పుకున్నాడు. ఆ గుంట తవ్వింది నేసేవాడి కాళ్లు పట్టేందుకే. అందులో కూర్చుని పెరిగినవాడికి ఆ మాత్రం తెలియొద్దా? దిగాడు గాని లేవలేకపోయాడు.

సోడావాడు కిటికీలోంచి తొంగిచూశాడు. గుంటలో గోనెపట్టా కదులుతోంది. మామ అటక మీదున్నాడనే వాడి నమ్మకం. ఇంకేముంది, ఠాణాకు ఉరికాడు.

"సంఘపోడు మగ్గం గుంటల దాసుకున్నడు హుజూర్, నా కండ్లార చూసిన!"

మేము కుంచెలు వదిలి వచ్చేసరికి నలుగురు జవాన్లు మామను బయటికి గుంజుతున్నారు.

"నేను మీ మనిషినే సర్కార్!" అని మామ మొత్తుకున్నాడు.

"దొరికినోడల్ల గదే అంటడు," అన్నాడు అమీను. ఠాణాకు కబురు మోసేది ఎప్పుడూ సోడావాడే గనుక మామ మొహం ఆయన ఎన్నడూ చూడలేదు. సోడావాడి దిక్కు తిరిగి, "వీడు నీకెరుకేనా?" అని అడిగాడు.

తప్పు కబురిచ్చానని తనను తంతారేమోనని సోడావాడి పై ప్రాణాలు పైనే పోయాయి. "నేనెరుగ హుజూర్," అన్నాడు.

మామను అంగడి నడుమ నుంచి కొట్టుకుంటూ తీసుకుపోయారు. నూలు మూట నెత్తిన పెట్టుకుని అప్పుడే అంగట్లో అడుగుపెట్టిన నా తమ్ముడు ఆ జవాన్లను చూసి వెనుదిరిగాడు. మళ్లీ రాలేదు. ఆ వానాకాలంలోనే వాడిని కాల్చేశారని నంగునూరు మనిషి ఒకాయన వచ్చి చెప్పాడు.

ఆ మూర్ఖుల వల్లే కదా ఆ పూట నీ తమ్ముడు బతికిపోయాడు అని ఊళ్లో ఇప్పటికీ అంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక మనిషిని కాపాడేంత సత్తా ఆ ఇద్దరికెక్కడిది? వాళ్లు నా దగ్గర గుంజుకున్నది ఒక్క పూట, దానికే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆ సాయంత్రమే ఠాణాలో నిజం తేలి మామను వదిలేశారు. ఇంటిదాకా నడవలేక మా అరుగు మీద బోర్లా పడ్డాడు. కుర్చీ మాట దేవుడెరుగు, నేల మీద కూర్చోను కూడా రాలేదు.

"పొద్దుగాలటి సంది ఏం తినలే బిడ్డా. ఇంత కూడు పెట్టు."

ఇంట్లో ఉన్నది తమ్ముడి కోసం వండిన కోడికూర. "పెట్టు, పెద్దమనిషి," అన్నాడు మా ఆయన. పెట్టాను. బొక్కలు కూడా మిగల్చకుండా నమిలి, వేళ్లు నాక్కుంటూ నా మొహంలోకి చూశాడు.

"ఉప్పు జర తక్కువైంది బిడ్డా."

నా తమ్ముడు ఉప్పు తక్కువ తింటాడు.