గుమ్మానికి అటూ ఇటూ కూర్చున్న స్త్రీలు

శుక్రవారం పొద్దున్నే డియర్‌బోర్న్‌లో షికాగో రైలెక్కాం. నేను, ఫార్మింగ్టన్ హిల్స్‌లో నా పొరుగింటి రిటైర్డ్ డాక్టర్ ప్రకాశరావు, వాకర్‌తో ఆయన భార్య సరళ గారు. ప్రయాణానికి కారణం ఒక వాట్సాప్ బొమ్మ. నాలుగు వందల యేళ్ల నాటి ఇటాలియన్ భవన నిర్మాణ గ్రంథం ముఖపత్రం అది. పెద్ద ద్వారం, దాని మీద కిరీటం పెట్టుకున్న స్త్రీ, ఆమె చేతిలో పుస్తకం. కింద ఎవరో రాశారు: ఈమె సరస్వతి, రోమన్లకు వాస్తు నేర్పింది మనమే అని.

అది నమ్మి డాక్టరు ఇంటి దక్షిణపు గుమ్మం మూయించబోతున్నాడు. సరళ గారి ర్యాంపు ఉన్నది ఆ గుమ్మానికే. తూర్పున అన్నీ మెట్లే. సోమవారం కాంట్రాక్టర్ వస్తాడు.

నేను కాదంటే, "అసలు పుస్తకం చూపించు. సరస్వతి కాకపోతే మానేస్తా," అన్నాడు. జీవితమంతా గుండెలు కోసిన మనిషి!

కలమజూ దాటాక పులిహోర డబ్బా విప్పాం. షికాగో శివారు షామ్‌బర్గ్‌లో ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడు పక్క సీట్లోంచి మాట కలిపాడు. "నేను నమ్మను గానీ అంకుల్, సౌత్ ఫేసింగ్ అయితే రీసేల్‌కి ప్రాబ్లమ్. కొనేది మనవాళ్లే కదా!" మూఢనమ్మకాన్ని మోస్తున్నది ఈ నమ్మనివాళ్లే.

ఆ గ్రంథం ఉన్నది షికాగోలోని ఒక పాత గ్రంథాలయంలో. అక్కడికి వెళ్లేవారు పుస్తకం ముందే అడిగి ఉంచాలి. సంచులు బయటే, లోపలికి పెన్సిల్, ఫోన్ మాత్రమే. లైబ్రేరియన్ పుస్తకాన్ని మెత్తటి దిండు మీద తెరిచి వివరించింది. పైనున్నది సద్గుణానికి ఇచ్చిన స్త్రీ రూపం. ద్వారానికి అటూ ఇటూ మూలమట్టం, వృత్తలేఖిని పట్టుకుని కూర్చున్నవాళ్లు వాస్తుశిల్పం, జ్యామితి. దేవతలు కారు, ఆలోచనలు. ఆలోచనను వాళ్లు మనిషిగా గీస్తే, మనవాళ్లు మనిషికి దండం పెట్టి ఆలోచనను వదిలేశారు.

డాక్టరు ఫోన్‌లో దిక్సూచి తీసి పేజీ పక్కన పెట్టాడు. "చూశావా, ద్వారం ఈస్ట్ ఫేసింగే!"

"లైబ్రేరియన్ బల్ల అటు వేసింది కాబట్టి!" నా గొంతుకి గదంతా తలెత్తి చూసింది.

తిరుగు రైల్లో ఇండియానా పొడుగునా వాదించాను. "సరస్వతి కాదు, ఓకే. కానీ దిక్కు..." అంటాడు డాక్టరు.

"మీరాగండి అన్నయ్య గారూ," అన్నారు సరళ గారు. "ఏమండీ, ఆ బొమ్మలో గుమ్మం దగ్గర కూర్చున్నది ఆడవాళ్లేగా? సోమవారం నేనూ మన గుమ్మంలో కుర్చీ వేసుకుంటా. నన్నూ కలిపి మూసెయ్యమనండి."

డాక్టరు ఫోన్ తీసి, కాంట్రాక్టర్‌కి రావద్దని మెసేజ్ పెట్టాడు.

ఆ పేజీ తప్పక చూడదగ్గది, వెళ్లండి. ఎవరినైనా ఒప్పించాలని మాత్రం వెంటబెట్టుకుని వెళ్లకండి.