పని దొరకని పూసలు

జనగామలో మా ఇంటి పడమటి కిటికీకి ఒక నూలు తెర ఉంది. సాయంత్రం గాలి లేచినప్పుడు దాని కింది అంచుకు కట్టిన చెక్క పూస కిటికీ చట్రానికి తగిలి ‘టక్’మంటుంది. పొడి చప్పుడు. కాసేపు ఆగి మళ్లీ ఒకసారి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు అది వినిపిస్తే నా చేయి ఆగిపోతుంది. పూసను పూసకు తాటించి వినడం సుగుణక్క అలవాటు. పగులున్న పూస మూగగా పలుకుతుందని, మంచిది గట్టిగా పలుకుతుందని చెప్పేది. పోయిన చలికాలం ఆమె చనిపోయింది. ఆమెను చూడని వాళ్ల కోసం నాకు గుర్తున్నవి కొన్ని రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను మహబూబాబాద్‌లో వాళ్లింట్లో కింది గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. మాది చిట్యాల దగ్గర వ్యవసాయ కుటుంబం. బీఈడీ అయిపోయింది, టీచర్ ఉద్యోగ పరీక్షకు చదువుకుంటున్నాను. ఆ పరీక్ష వాయిదా పడుతూనే ఉంది. సుగుణక్క భర్తకు మార్కెట్ దగ్గర మిర్చి, పప్పుల దుకాణం. అందరూ ఆయన్ని సేటు అనేవాళ్లు. బంద్ ఉన్నప్పుడు ఆయన షట్టర్ దించి ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాడు. ఆమె ముందుగదిలో గోడ కొక్కేనికి దారాలు వేలాడదీసుకొని మాక్రమే అల్లేది. మగ్గం లేకుండా, సూది లేకుండా, నూలు తాళ్లను వేళ్లతోనే ముడులు వేసుకుంటూ పోయే పని అది. గుమ్మాలకు తోరణాలు, పూలకుండీలకు ఉట్లు, చంటిపిల్లలకు ఉయ్యాలలు చేసేది.

ఒక బంద్ రోజు పేపర్ చదువుదామని పైకి వెళ్లాను. ఆమె పెద్ద స్టీలు పళ్లెంలో పూసలు పోసుకుని కూర్చుంది.

“ఏం టీచరమ్మా, ఇయ్యాల గూడ నీ పరీక్ష తారీఖు రాలేదా?” అంది. ఇంకా టీచర్ కాని నన్ను మొదటి నుంచి అట్లాగే పిలిచేది.

“రాలేదక్కా.”

“మరి గా పేపర్ల ఏం దేవులాడుతవు. గిటు రా, గీ పూసలు ఏరుదం.”

నాకు పూసల మీద మోజు లేదని చెప్పాను. ఉత్త ముడులే అందంగా ఉంటాయని, వాటికి పూసలు గుచ్చడం ఊరికే సోకు అని కూడా అన్నాను. అప్పటికే చాలా పుస్తకాలు చదివి, అలంకారం ఎక్కువైన రాతంటే చిరాకు పడే వయసులో ఉన్నాను. నా అభిప్రాయాలు నాకు బలంగా ఉండేవి.

ఆమె నవ్వింది. “సోకు పూసలు వేరే పిల్లా. నా తాన ఉన్నయి కూలికి పోయే పూసలు. పని చేస్తనే కూడు.”

అయినా ఆ రోజు ఆమెతో కూర్చుని ఏరాను. ఆ మాట ఉత్త హాస్యం కాదని తర్వాత నెమ్మదిగా తెలిసింది. ఆమె అల్లికలో ప్రతి పూసకూ ఒక పని ఉండేది. తోరణం చివర్లు గాలికి మెలిపడకుండా కిందికి లాగి పట్టడం ఒకదాని పని. రెండు పాయలు కలిసే చోట ముడి జారకుండా ఆపడం ఇంకోదాని పని. ఉట్టికి కుండీ ఎక్కడ కూర్చోవాలో గుర్తు చూపడం మరొకదాని పని. ముందు దారం చేతికి తీసుకుని, దాన్ని పట్టి పూసను ఎంచేది. బెజ్జం ఎంత ఉండాలంటే, చేత్తో నెడితే పూస కదలాలి, వదిలేస్తే ఉన్నచోటే ఆగాలి. చెక్క పూసలను పాత పట్టుచీర ముక్క మీద దొర్లించేది. ఎక్కడైనా పోగు లేచిందంటే ఆ పూసకు గరుకు ఉన్నట్టే, పక్కన పెట్టేది. రంగు పూసలను తెల్లదారంతో కలిపి వేడినీళ్ల గ్లాసులో నానబెట్టేది. ఆ ఏడాది ఎవరు వచ్చినా ఉద్యమ జెండా గులాబీ రంగే అడిగేవారు. నీళ్లలో అన్నిటికన్నా ముందు దిగేది కూడా ఆ రంగే. “రంగు దిగేటిది జెండకు పనికిరాదు, తోరణానికీ పనికిరాదు” అని గ్లాసులో నీళ్లు పారబోసేది.

ఏరగా మిగిలిన పూసలను మాత్రం పారేసేది కాదు. వాటికి ఒక నల్లగుడ్డ సంచి ఉండేది. వంకర బెజ్జాలవి, జోడు లేనివి, మరీ బరువైనవి అందులోకి పోయేవి.

“వీటినేం చేస్తవక్కా?”

“వీటికి ఇంక పని దొరకలె, గంతే. నీ లెక్కనే. నీకు గూడ దొరుకుతది తియ్యి.”

ఉద్యోగం రాలేదన్న మాట ఎవరన్నా నాకు ముల్లులా గుచ్చుకునేది. ఆమె అంటే గుచ్చుకోలేదు. సంచి మూతి బిగించి, దానికి నా పేరే పెట్టింది. తర్వాత ఏదైనా పూస పనికి రాకపోతే “టీచరమ్మల వెయ్యి” అనేది.

శాంతి వచ్చింది ఆ రోజుల్లోనే. ఊరి బయటి తండా ఆమెది. సేటు దుకాణంలో మిర్చి తొడిమెలు తీసే పనికి వచ్చేది కాబట్టి సుగుణక్కకు బాగా తెలుసు. పెళ్లయిన చాలా ఏళ్లకు ఆడపిల్లను కన్నది. తొట్టెల కావాలని వచ్చింది. మా వైపు చంటిపిల్లల ఉయ్యాలను తొట్టెల అంటాం. బిడ్డను మొదటిసారి అందులో వేసే రోజు ఇంటికి పెద్ద పండుగ, ఆ తొట్టెల తల్లి పుట్టింటి నుంచే రావాలి. శాంతికి తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. కాన్పుకు ముందే తల్లి కూడా పోయింది. కొంగు ముడి విప్పి పళ్లెంలో గుప్పెడు పూసలు పోసింది. ఎర్రవి, నీలివి, పాత గాజు పూసలు, కొన్ని గవ్వలు.

“మా యాడి లంగ అంచువి అక్కా” అంది. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. “నాకు తల్లిగారిల్లంటే ఇగ గివ్వే. తాళ్లకు పైనుంచి కింద దాక గుచ్చి అల్లు. పోరి కండ్లు తెరిస్తె మా యాడే కనవడాలె.”

సుగుణక్క ఒక్కో పూసను వేళ్ల మధ్య తిప్పి చూసింది. బెజ్జంలో దారం పెట్టి రెండుసార్లు లాగింది. “గివి తొట్టెల తాళ్లకు పనికిరావు బిడ్డ” అంది.

శాంతి ముఖం మారిపోయింది. “మీ ఇండ్లల్ల అయితె ముత్యాలు కడ్తరు. తండ పూసలు అనంగనే పనికిరాకుండ పోయినయా అక్కా?”

సుగుణక్క కోపానికి రాలేదు, బుజ్జగించనూ లేదు. “నా మాట నమ్మకు. నీ కండ్లతోనే చూడు. నీ పూసలు గుచ్చే అల్లుత. బియ్యం మూట పండుకోబెట్టి నాల్గొద్దులు ఊపుదం. నిలిస్తె తీస్కపో” అంది.

అన్నట్టే అల్లింది. ముందుగది దూలానికి వేలాడదీసి బిడ్డంత బరువు బియ్యం మూట అందులో వేసింది. ఊపే పని నాది. ఒక చేత్తో బియ్యాన్ని ఊపుతూ, ఇంకో చేత్తో పిల్లల మనస్తత్వ శాస్త్రం పుస్తకం పట్టుకుని చదివాను. సేటు అటుగా పోతూ నిలబడి చూశాడు. “బియ్యానికి పేరేం పెట్టిన్రు?” అని అడిగాడు. “నీ పేరే పెట్టినం, ఊపుతుంటే నిద్రపోతున్నది” అంది సుగుణక్క.

శాంతి మళ్లీ వచ్చిన రోజు అక్క ఒక పూసను పైకి జరిపి, దాని కింద దారాన్ని చూపించింది. పోగులు తెగి నూగులా లేచి ఉన్నాయి.

“వేలు పెట్టి చూడు. పాత గాజు, బెజ్జం అంచు బ్లేడు లెక్క ఉంటది. బట్ట మీద ఉన్నన్ని రోజులు బరువు పడలేదు, ఏం కాలె. గిక్కడ బిడ్డ బరువంత గా అంచు మీదనే పడ్తది. దారం తెగితె పోరి కింద పడ్తది. పూస ఊడితె నోట్లె పెట్టుకుంటది. పిల్ల చెయ్యి అందేకాడ నేను ఏ పూసా వెయ్య. ముత్యమైనా వెయ్య.”

శాంతి ఆ తెగిన పోగుల మీద చాలాసేపు వేలు ఆడించింది. “సరె అక్కా. ఉత్తదే అల్లు” అని పూసలు తీసి కొంగులో కట్టుకోబోయింది.

నేనైతే అక్కడితో ఆగేదాన్ని. ప్రమాదం తప్పింది, తొట్టెల సాదాగా ఉంటుంది, నాకు నచ్చినట్టే ఉంటుంది. తీసేస్తే పని అయిపోతుందని అనుకునే మనిషిని నేను. సుగుణక్క మాత్రం ఆమె చేయి పట్టుకుంది.

“మూట కట్టకు. బరువు మొయ్యలేవు, గంతే. మొయ్యకుండ చేసేటి పని ఏదన్న ఉంటది. జర ఆగు, ఆలోచన చెయ్యనీ.”

రెండు మూడు రోజులు ఆమె వేరే పని ముట్టలేదు. బస్సులు బంద్, హైదరాబాద్ నుంచి కొత్త దారం రావడం లేదు. ఇంట్లో ఉన్న మందపాటి నూలుతాడే వాడి, పూస లేకుండా తొట్టెల మళ్లీ అల్లింది. నాలుగు పాయలూ పైన ఇనుప కడియం దగ్గర కలుస్తాయి. ఆ కడియం నుంచి వేరుగా, ఏ బరువూ పడని సన్నటి నైలాన్ దారం ఒకటి దించి, దానికి శాంతి తల్లి పూసలూ గవ్వలూ గుత్తిగా కట్టింది. పూసకూ పూసకూ మధ్య ముడి వేసింది, ఎక్కడైనా తెగితే అన్నీ రాలిపోకుండా. పిల్ల పెరిగి తొట్టెలలో లేచి నిలబడినా ఆ గుత్తి అందదు. పడుకుంటే మాత్రం సరిగ్గా కళ్లకు ఎదురుగా ఉంటుంది.

శాంతి వచ్చాక అక్క తొట్టెలను మెల్లగా ఊపింది. గవ్వలు ఒక వరుసలో మోగాయి. తర్వాత లోపల చేయి పెట్టి, బిడ్డ కాళ్లు తన్నినట్టు కదిలించింది. చప్పుడు తెగితెగి వచ్చింది.

“విన్నవా తేడ? పోరి పండుకుంటె ఒక తీరు, లేస్తె ఇంకో తీరు. నువ్వు పొయ్యికాడ ఉన్నా ఎర్కైతది. మీ యాడిని కావలికి పెట్టిన.”

శాంతి కొంగుతో ముఖం తుడుచుకుంది. గుత్తిని వేలితో ఒకసారి కదిలించి, “మా యాడి నిద్రమొద్దు అక్కా. కావలి ఉంటదో లేదో” అంది. ముగ్గురం నవ్వాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు తండా దగ్గర రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు నిలిపి, అక్కడే పొయ్యిలు పెట్టి, అక్కడే అందరూ వండుకుని తినడం అప్పట్లో ఒక నిరసన పద్ధతి. సుగుణక్క బియ్యం, పప్పు ఆటోలో వేయించుకుని నన్నూ తీసుకుని వెళ్లింది. డప్పులు మోగుతున్నాయి, మైకులో ఎవరో మాట్లాడుతున్నారు. పక్కన వేపచెట్టు కొమ్మకు ఆ తొట్టెల కట్టి ఉంది. శాంతి పెద్ద గంజులో అన్నం కలుపుతూ మాతో మాట్లాడుతోంది. ఉన్నట్టుండి గరిటె నా చేతిలో పెట్టి చెట్టు వైపు నడిచింది. నాకేమీ వినబడలేదు. వెళ్లి చూస్తే బిడ్డ కళ్లు తెరిచి, కాళ్లు ఆడిస్తూ, పైన గుత్తిని చూస్తోంది. ఇంకా ఏడుపు మొదలుపెట్టలేదు.

“గీ డప్పులల్ల గూడ ఇనవడ్డదా?” అంది సుగుణక్క.

శాంతి బిడ్డను భుజానికెత్తుకుంది. “మా యాడి పిలిస్తె నాకు ఇనవడదా అక్కా?”

ఇల్లు చేరాక సుగుణక్క నల్ల సంచి తీసి పళ్లెంలో పోసి, అందులోని ఒక్కో పూసనూ మళ్లీ మొదటి నుంచి తాటించి వినడం మొదలుపెట్టింది.

రాష్ట్రం వచ్చింది. పరీక్షా జరిగింది. నాకు మొదటి ఉద్యోగం భూపాలపల్లి వైపు, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న చెల్పూర్ దగ్గరి బడిలో వచ్చింది. బయలుదేరే రోజు అక్క ఒక తోరణం ఇచ్చింది. “కరెంటు ఫ్యాక్టరీ కాడ బూడిద పడ్తది. నున్నటి పూసలే వేసిన, తడిబట్టతోని తుడుస్తె పోతది” అంది. “ఇగ గీ సంచికి వేరే పేరు చూసుకోవాలె” అని కూడా అంది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆదివారం ఆదివారం ఆ పూసలు తుడిచాను. వాటి రంగు ఇప్పటికీ దిగలేదు.

తరగతి గదిలో ఆమె పని పద్ధతి నాకు ఎక్కువ అక్కరకు వచ్చింది. పిల్లలు వ్యాసంలో ఎక్కడో విన్న పెద్ద మాట తెచ్చి ఇరికిస్తారు. మొదట్లో ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. ఇప్పుడు కొట్టేసే ముందు, ఈ మాట ఎక్కడి నుంచి తెచ్చావు అని అడుగుతాను. ఒక్కోసారి అది వాళ్ల నాయనమ్మ మాట అయి ఉంటుంది. అప్పుడు దానికి ఆ వ్యాసంలోనే సరైన చోటు ఇద్దరం కలిసి వెతుకుతాం. చాలాసార్లు దొరుకుతుంది. దొరకనప్పుడు ఇప్పటికీ తీసేయమంటాను. పిల్ల చెయ్యి అందే చోట పూస వెయ్యనన్నదీ ఆమే కదా.

సుగుణక్క పదో రోజు కర్మకు రైలెక్కి మహబూబాబాద్ వెళ్లాను. శాంతి కూడా వచ్చింది, బిడ్డను వెంటబెట్టుకుని. ఆ పిల్ల ఇప్పుడు తల్లికన్నా ఎత్తు. గుత్తి ఏమైందని అడిగాను. ఇంటి తలుపుకు కట్టిందట. బిడ్డ బడి నుంచి వస్తే మోగుతుందట. సుగుణక్క కోడలు ఒక రేకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. “అత్తమ్మ మీకియ్యమన్నది” అంది. పట్టుచీర ముక్క, చిన్న కత్తెర, అడుగున నల్ల సంచి. సంచి నేను చూసిన నాటి కన్నా చాలా చిక్కిపోయి ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్కోదానికీ పని చూపిస్తూ వచ్చింది.

మిగిలిన వాటిలో ఒక పెద్ద చెక్క పూసను నేను గుర్తుపట్టాను. నేను మొదటి రోజు ఏరి పక్కన పెట్టిందే. బెజ్జం వంకరగా పోయింది కాబట్టి ఏ వరుసలోనూ నిటారుగా నిలవదు. దాన్ని తాటించి విన్నాను. గట్టిగానే పలికింది. జనగామకు తిరిగొచ్చాక వరుస అవసరం లేని చోటు ఏదా అని ఇల్లంతా చూశాను. పడమటి కిటికీ తెర గాలికి ఎగిరి నా పేపర్లన్నీ కింద పడేసేది. ఆ తెర మూలకు ఒక్కదాన్నే కట్టాను.

ఇప్పుడు తెర ఎగరదు. గాలి గట్టిగా వస్తే పూస చట్రానికి ఒకసారి తగిలి ఊరుకుంటుంది. సంచిలో ఇంకా కొన్ని ఉన్నాయి. తొందర లేదు.