స్లాబు రోజు తెగిన లైను

అరవై నాలుగు అన్న అంకె వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో దూరపు ఊళ్ళ కంప్యూటర్లు మాట్లాడుకునే పద్ధతికి అదే గరిష్ఠ వేగం, సెకనుకు అరవై నాలుగు కిలోబిట్లు. ఫైలును చిన్న చిన్న పొట్లాలుగా కట్టి పంపాలి, చేరినట్టు అవతలి నుంచి జవాబు రావాలి, రాకపోతే మళ్ళీ పంపాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆఫీసుకొచ్చిన లైను మీద మాత్రం తొమ్మిదిన్నర కిలోబిట్లు వస్తే గొప్ప.

మా యజమాని ఎల్బీ నగర్ దగ్గరి పొలాలను ప్లాట్లు చేసి అమ్మి, కంప్యూటర్లు కొన్నాడు. లైను ఇచ్చిన టెలిఫోను వాళ్ళ కరపత్రంలో అరవై నాలుగు చూసి బొంబాయి పార్టీకి ఫోనులో మాటిచ్చేశాడు. షేర్ల దరఖాస్తుల వివరాలన్నీ ఎక్కించి ఫలానా రోజు సాయంత్రం ఆరింటికల్లా పంపిస్తామని.

"సార్, గా అరవై నాలుగు పై హద్దు. మనకు గంత రాదు. గంట పని పొద్దంత పడ్తది, ఇంకొక్క దినం అడుగున్రి" అని మొత్తుకున్నాను.

"మాటిచ్చినంక మళ్ల గడువు అడుగుతరా బిడ్డా? ఇజ్జత్ పోదా?" అన్నాడు. భూములన్నీ నోటిమాట మీదే అమ్మిన మనిషి.

ఆ పని పోతే ఆఫీసు మూతే. మా ఇంట్లో జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే.

ఆ రోజు పొద్దున్నే పంపడం మొదలుపెట్టాను. అంతలో పక్క ప్లాట్లో స్లాబు. ఆ ప్లాటూ మా సారు అమ్మిందే, కొన్నది గుంటూరు నుంచి వచ్చినాయన. కరెంటు స్తంభానికి కొక్కెం వేసి కాంక్రీటు కలిపే మిల్లర్ తిప్పుతున్నారు. అది గుర్రుమన్నప్పుడల్లా మాకు వోల్టేజీ పడిపోయేది, మెషీన్లు ఆరిపోయేవి, ఫైలు మళ్ళీ మొదటి పొట్లం నుంచి. ఏడుపొచ్చేసింది. తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను, మిల్లర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను.

సారు కిందికి పరిగెత్తాడు, వెనకే నేను. "జర ఆపున్రి, మా బతుకు పోతది" అని అంత పెద్దమనిషి చేతులు జోడించాడు. ఆ దండమేదో బొంబాయికి పెట్టొచ్చు కదా అని నాకు కడుపు మండింది.

"మధ్యలో ఆపితే అతుకు పడుద్దండీ, రేపు వానకి కారుద్ది. మాదీ బతుకేనండీ" అన్నాడు గుంటూరాయన. అందులో అబద్ధమేమీ లేదు.

నాలుగు దాటాక స్లాబు ముగిసింది, లైను నిలబడింది. ఆరయ్యేసరికి సగం కూడా పోలేదు. అప్పుడు తీశాడు సారు ఫోను. "భాయీ, ఒక్క దినం" అని హిందీలో బతిమాలాడు. కాసేపు విని, రిసీవరు పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు.

"పొద్దుగాల అడిగితే ఇస్తుంటిమి అన్నరు బిడ్డా. ఇప్పుడు పని వేరేటోళ్లకు ఇచ్చిన్రంట."

స్లాబు బాగా పడిందని పక్కాయన లడ్డూలు పంపాడు. ఎవరమూ ముట్టలేదు. తెర మీద పొట్లాలు ఒక్కటీ తప్పకుండా బొంబాయికి పోతూనే ఉన్నాయి. ఆపడానికి నాకు చేతులు రాలేదు. ఆపమని సారూ అనలేదు.